అమెరికా కాలేజీ ఆటల్లో మన పిల్లలు: ఆఫర్ వస్తే ముందు ఏం చూసుకోవాలి, సంతకం ఎప్పుడు పెట్టాలి

ఈ మధ్య డాలస్ వైపు ఏ బర్త్‌డే పార్టీకి వెళ్లినా ఓ మూల నలుగురు నాన్నలు చేరి ఇదే టాపిక్, కాలేజీలో ఆడితే ఇప్పుడు డబ్బులిస్తున్నారంట కదా, మావాడు టెన్నిస్ బాగా ఆడతాడు, ఎంత రావచ్చు అని. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసే చుట్టాలది కూడా ఇదే ప్రశ్న. నా జవాబు సూటిగా చెప్పేస్తా. డబ్బు ఉన్నమాట నిజమే, కానీ అందులో చాలా భాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కి, బాస్కెట్‌బాల్‌కి పోతుంది. మన ఇళ్లలో పిల్లలు ఎక్కువగా ఆడేది టెన్నిస్, గోల్ఫ్, స్విమ్మింగ్, ఫెన్సింగ్, ట్రాక్. వీళ్ల విషయంలో అసలు చూసుకోవాల్సినవి వీసా, టీమ్‌లో చోటు, స్కాలర్‌షిప్ కాగితం, ఈ మూడూ అయ్యాకే డబ్బు సంగతి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, అందుకే ఇది రాస్తున్నా.

రూల్స్ ఎవరు పెడతారో తెలియకపోతే ఎవడేం చెప్పినా నమ్మేస్తాం కాబట్టి ఆ కథ కాస్త చెప్తా. దశాబ్దాల పాటు కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ ఒక్కటే మాట మీద ఉంది, కాలేజీ ఆటగాడు అమెచ్యూర్, చదువు ఖర్చు తప్ప పైసా తీసుకోకూడదు అని. దాన్ని ముందు కదిపింది కాలిఫోర్నియా ప్రభుత్వం, 2019 సెప్టెంబర్‌లో గవర్నర్ న్యూసమ్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు, ఆటగాడు తన పేరు, ఫొటో, గుర్తింపు వాడుకుని సంపాదించుకోవచ్చు, కాలేజీ ఆపడానికి లేదు అని. దీన్నే అందరూ ఎన్‌ఐఎల్ (నేమ్, ఇమేజ్, లైక్‌నెస్) అంటున్నారు. ఒక రాష్ట్రం చేస్తే పక్క రాష్ట్రం ఊరుకోదు కదా, మంచి ఆటగాళ్లందరూ అటు పోతారని భయం, అలా 30కి పైగా రాష్ట్రాలు తలా ఒక చట్టం చేసుకున్నాయి. 2021 జూన్‌లో ఆల్స్టన్ కేసులో, చదువుకి సంబంధించి కాలేజీలిచ్చే సాయానికి పరిమితి పెట్టకూడదని సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, ఆ వెంటనే జులై 1 నుంచి ఎన్‌సీఏఏ ఎన్‌ఐఎల్‌కి తలుపు తీసేసింది. ఆ తర్వాత పెద్దది ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్ (రాజీ), 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఓకే చేశారు. పాత ఆటగాళ్లకి దాదాపు 2.8 బిలియన్ డాలర్లు పదేళ్లలో కట్టాలి, 2025 జులై 1 నుంచి కాలేజీయే నేరుగా ఆటగాళ్లకి డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి 20.5 మిలియన్ డాలర్లు.

ఆ 20.5 మిలియన్ వినగానే కళ్లు పెద్దవి చేసుకోవద్దు. పెద్ద కాలేజీల్లో సుమారుగా అనుకుంటున్న లెక్క ప్రకారం ముప్పావు వంతు ఫుట్‌బాల్‌కి, మిగిలిన దాంట్లో ఎక్కువ మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి, ఆడపిల్లల బాస్కెట్‌బాల్ కూడా తీసేశాక మిగతా ఆటలన్నిటికీ కలిపి చివర్న కొంచెం. పైగా ఇది అన్ని కాలేజీలకీ కాదు, సెటిల్‌మెంట్‌లో చేరిన డివిజన్ 1 (ఎన్‌సీఏఏలో పై స్థాయి) కాలేజీలకే. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ వాళ్లు అసలు ఆటకి స్కాలర్‌షిప్పే ఇవ్వరు, కింది స్థాయి అయిన డివిజన్ 3లో కూడా ఇవ్వరు. ఇంకో మాట, మన హైదరాబాద్ అకాడమీల్లో బాడ్మింటన్ ఆడే పిల్లల పేరెంట్స్ కూడా అడుగుతుంటారు, బాడ్మింటన్, క్రికెట్ ఎన్‌సీఏఏ ఆటలే కావు. ఆ రూటులో ఈ స్కాలర్‌షిప్ దొరకదు, ఎవడైనా దొరుకుతుందని ఫీజు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి.

ఇక పని మొదలుపెడదాం.

మొట్టమొదట మీ పిల్లల స్టేటస్

కోచ్‌కి ఈమెయిల్ కొట్టే ముందే ఇది తేల్చుకోండి, ఎందుకంటే అమెరికన్ పేరెంట్స్‌కి లేని తలనొప్పి మనకి ఇదే. సిటిజన్ గానీ గ్రీన్ కార్డ్ గానీ అయితే ఈ భాగం వదిలేసి కిందకి వెళ్లిపోండి.

హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి పని చేసే పర్మిషన్ లేదు. హెచ్-4 ఈఏడీ అనే పని పర్మిట్ కొంతమంది భార్యలకి, భర్తలకి ఇచ్చేది, పిల్లలకి కాదు. ఇక్కడే పుట్టిన క్లాస్‌మేట్ రాకెట్ కంపెనీ కోసం ఇన్‌స్టాలో రీల్ చేసి 300 డాలర్లు తీసుకున్నాడని మన అమ్మాయి కూడా చేస్తే అది అనధికారిక ఉద్యోగం కిందకి రావచ్చు. డబ్బు తీసుకోకుండా ఫ్రీగా రాకెట్ ఇచ్చారు కదా అంటే అదీ ప్రతిఫలమే, ఆ వాదన మీద ధైర్యం చేయొద్దు. 21 నిండితే హెచ్-4 పోతుంది, గ్రీన్ కార్డ్ రాకపోతే మధ్యలో ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి, అంటే నాలుగేళ్ల కాలేజీలో సగం ఒక స్టేటస్‌లో సగం ఇంకో స్టేటస్‌లో. స్కాలర్‌షిప్ మాత్రం ఉద్యోగం కాదు, దాన్ని తీసుకోవడానికి హెచ్-4 అడ్డు కాదు. మనకి అసలు లాభం అక్కడే ఉంది.

ఇండియా నుంచి ఎఫ్-1 మీద వచ్చేవాళ్ల సంగతి కూడా దాదాపు అంతే. ఎఫ్-1 వాళ్లు క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు, బయట పనికి సీపీటీనో ఓపీటీనో (చదువుకి సంబంధించిన పనికి ఇచ్చే పర్మిషన్లు) కావాలి. ఈ రూల్స్ ఎన్‌ఐఎల్ పుట్టకముందు రాసినవి, అందులో ఆటగాడి యాడ్ గురించి ఏమీ ఉండదు. కెంటకీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కార్ షీబ్వే, కాంగో అబ్బాయి, 2022 ఆగస్ట్‌లో టీమ్‌తో బహామాస్ వెళ్లినప్పుడు అక్కడే తన ఎన్‌ఐఎల్ పనులు చేసుకున్నాడు, అమెరికా గడ్డ మీద పని చేయలేదు అని చూపించుకోవడానికి. ఆ లెక్కన మనవాళ్లు సెలవులకి విజయవాడ వెళ్లినప్పుడు అక్కడి కంపెనీకి షూటింగ్ చేసి అక్కడే డబ్బు తీసుకోవడం రిస్క్ తక్కువ, అది కూడా ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుని, ఆ తర్వాత సొంతంగా ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే. కోచ్ "డోంట్ వర్రీ" అన్నాడని చేయకండి, కోచ్‌కి ఫోర్‌హ్యాండ్ తెలుసు గానీ ఇమ్మిగ్రేషన్ తెలీదు, రేపు సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు పోతే ఆయన వచ్చి నిలబడడు. కాలేజీ నేరుగా ఇచ్చే రెవెన్యూ షేర్ (ఆదాయంలో వాటా) ఎఫ్-1 వాళ్లు తీసుకోవచ్చా అనేది ఆ కాలేజీ లాయర్ ఏమంటాడో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

తర్వాత, మీకు వర్తించే రూలు ఏదో వెతకడం

అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంట్) చేసిన ఒకే జాతీయ చట్టం దీని మీద ఉంటే పని తేలికయ్యేది. స్కోర్ యాక్ట్ అనే బిల్లు 2025 జులైలో పెట్టారు, ఆటగాళ్లని ఉద్యోగులుగా లెక్కించకూడదు, రాష్ట్రాల చట్టాల్ని పక్కన పెట్టాలి అని దాని సారాంశం. అదే నెల 24న ట్రంప్ ఒక ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఇచ్చాడు, బయటివాళ్లు ఆటగాళ్లని కొనేసే పద్ధతి ఆగాలి, ఆదాయం రాని ఆటల్లో స్కాలర్‌షిప్పులు కాపాడాలి అని. ఆర్డర్ అంటే చట్టం కాదు, బిల్లు అంటే అస్సలు కాదు, సంతకం పెట్టే రోజున అమల్లో ఏది ఉందో దాన్నే చూడాలి.

చూసే వరస ఇలా పెట్టుకోండి. పిల్లలు ఇంకా హైస్కూల్లో ఉంటే ముందు ఆ రాష్ట్రం హైస్కూల్ ఆటల సంఘం. ఇక్కడ చాలా తేడాలున్నాయి, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, జార్జియాలో హైస్కూల్ పిల్లలకి కొన్ని షరతులతో ఎన్‌ఐఎల్ ఓకే, మన వాళ్లు కిక్కిరిసి ఉన్న టెక్సస్‌లో యూఐఎల్ (అక్కడి హైస్కూల్ ఆటల సంఘం) ఒప్పుకోదు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న బావమరిది కొడుకు చేశాడని టెక్సస్ ఫ్రిస్కోలో మీరు చేస్తే పిల్లాడు స్కూల్ టీమ్‌కి ఆడే అర్హత పోగొట్టుకుంటాడు. టెక్సస్ 2025లో చట్టాన్ని మార్చింది, 17 ఏళ్లు నిండిన హైస్కూల్ పిల్లలు కాలేజీతో ఒప్పందం రాసుకోవచ్చంది, కానీ కాలేజీలో చేరేదాకా డబ్బు చేతికి రాదు. ఆ తర్వాత కాలేజీ ఉన్న రాష్ట్రం చట్టం, మీరున్న రాష్ట్రం కాదు. ఆపైన ఎన్‌సీఏఏ, చివరికి కాలేజీ సొంత పాలసీ. కాలేజీ స్పోర్ట్స్ కమిషన్ అని ఇంకో కొత్త సంస్థ వచ్చింది, హౌస్ సెటిల్‌మెంట్ తర్వాత పెట్టారు, బయటి కంపెనీతో 600 డాలర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ డీల్ అయితే ఐదు పని దినాల్లోగా ఎన్‌ఐఎల్ గో అనే పోర్టల్‌లో పెట్టాలి, డెలాయిట్ వాళ్లు తయారుచేసింది. ఇది నిజమైన వ్యాపార అవసరమా, రేటు సబబుగా ఉందా అని చూస్తారు. మామయ్య గారి బిర్యానీ సెంటర్ పేరు మీద 20 వేల డాలర్ల స్పాన్సర్‌షిప్ రాయించుకుందాం అనుకునే తెలివైనవాళ్లు ఎక్కడో ఉంటారు, వాళ్ల కోసమే ఆ పోర్టల్ పెట్టారనుకోండి.

రిక్రూటింగ్ సమయంలో ఎన్‌ఐఎల్ మాట ఎత్తకూడదు అనే పాత రూలు గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి, టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాలు కోర్టుకెళ్తే 2024 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి దాన్ని ఆపేశాడు. అడగొచ్చు, గట్టిగా అడగొచ్చు.

చదువు కాగితాలు, తేదీలు

ఇక్కడ మన పిల్లలకి ఢోకా ఉండదు గానీ కాగితాల్లో దొరికిపోతారు. డివిజన్ 1కి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు, అందులో 2.3 జీపీఏ ఉండాలి. 16లో 10 ఆఖరి సంవత్సరం మొదలయ్యేలోపు అయిపోవాలి, ఆ 10లో 7 ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్. ఎస్ఏటీ స్కోరు అవసరం ఎన్‌సీఏఏ 2023 జనవరిలో తీసేసింది, కాలేజీ అడిగితే అది వేరే. ఇండియాలో చదివేవాళ్లు 9వ తరగతి నుంచి మార్కుల రికార్డులు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో అన్నీ ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌కి (అర్హత చూసే ఆఫీసు) పంపాలి. 9వ తరగతి ప్రోగ్రెస్ కార్డు ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి, స్కూలు మూసేస్తే తిరగడం నరకం.

టెన్నిస్, స్విమ్మింగ్ లాంటి చాలా డివిజన్ 1 ఆటల్లో కోచ్‌లు పిల్లలకి జవాబివ్వడం మొదలుపెట్టేది టెన్త్ గ్రేడ్ అయ్యాక జూన్ 15 నుంచి. అంతకు ముందు మీరు రాసిన ఈమెయిల్‌కి జవాబు రాలేదంటే నచ్చలేదని కాదు, వాళ్లకి రూలు ఒప్పుకోదు, అయినా రాయండి, చదువుతారు. లెవెన్త్ గ్రేడ్‌కి ముందు ఆగస్ట్ 1 నుంచి కాలేజీ ఖర్చుతో విజిట్‌కి వెళ్లొచ్చు. రాతపూర్వక ఆఫర్ మాత్రం ట్వెల్త్ మొదలయ్యే ఆగస్ట్ 1 తర్వాతే. ఈ మధ్యలో ఫోన్‌లో చెప్పిందంతా నోటిమాటే.

టెన్నిస్ పేరెంట్స్‌కి ప్రైజ్ మనీ గురించి ఒక జాగ్రత్త. కాలేజీలో చేరకముందు ఏడాదికి 10,000 డాలర్ల వరకు తీసుకోవచ్చనేది ఎన్‌సీఏఏ పెట్టుకున్న పాత లెక్క, నార్త్ కరోలినా అమ్మాయి రీస్ బ్రాంట్‌మయర్ 2024లో దీని మీద కేసు వేసింది. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలు ఆడే పిల్లలుంటే ప్రతి చెక్కు, ప్రతి ఫ్లైట్ టికెట్, హోటల్ బిల్లు ఒక ఫోల్డర్‌లో పెట్టండి, లెక్క అడిగినప్పుడు ఖర్చులు చూపించాలి.

ఆఫర్ వచ్చింది, ఎలా చదవాలి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. హౌస్ సెటిల్‌మెంట్‌కి ముందు మగపిల్లల టెన్నిస్‌కి ఒక డివిజన్ 1 కాలేజీ ఇవ్వగలిగింది 4.5 స్కాలర్‌షిప్పులే, ముక్కలు చేసి ఎనిమిది తొమ్మిది మందికి పంచేవాళ్లు. ఇప్పుడు సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్ లిమిట్ లేదు, దాని బదులు రోస్టర్ లిమిట్ పెట్టారు, అంటే టీమ్‌లో ఎంతమంది ఉండొచ్చో, టెన్నిస్‌కి 10 మంది, గోల్ఫ్‌కి 9, స్విమ్మింగ్‌కి 30, ఫుట్‌బాల్‌కి 105. పేపర్ మీద మంచిదే, పదిమందికీ ఫుల్ స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంతే, ఇవ్వాలని లేదు, డబ్బు ఫుట్‌బాల్‌కి పెట్టేస్తే టెన్నిస్ కోచ్‌కి పాత బడ్జెట్టే. ఇంకో పక్క, స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో ఉండి ఆడే వాకాన్ పిల్లలకి చోటు తగ్గిపోయింది, ఒకప్పుడు అలా చేరి రెండో ఏడాదికి మెరుగై స్కాలర్‌షిప్ తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, ఇప్పుడా దారి ఇరుకైంది. కొన్ని చోట్ల టీమే ఎత్తేస్తున్నారు, కాల్ పాలీ కాలేజీ 2025 మార్చిలో తన స్విమ్మింగ్ టీమ్‌నే తీసేసింది, కారణాల్లో ఈ సెటిల్‌మెంట్ ఖర్చు ఒకటి.

కాబట్టి కోచ్‌తో ఫోన్‌లో ఎంత మర్యాదగా అయినా మాట్లాడండి, ఆ తర్వాత ఒక ఈమెయిల్ పెట్టి ఇవి రాతలో తెప్పించుకోండి. మీ కాలేజీ సెటిల్‌మెంట్‌లో ఉందా, ఈ టీమ్‌లో చోటు ఎన్నేళ్లకి గ్యారంటీ, దెబ్బ తగిలితే స్కాలర్‌షిప్ ఉంటుందా, మీరు మారిపోయి కొత్త కోచ్ వస్తే ఏంటి, ట్యూషన్ ఒక్కటేనా హాస్టల్, తిండి కూడానా, సమ్మర్ క్లాసులకి ఇస్తారా, మార్కులకి ఇచ్చే 5,980 డాలర్ల వరకు ఆల్స్టన్ డబ్బు ఈ టీమ్‌కి ఉందా, టీమ్ ఎత్తేస్తే చదువు పూర్తయ్యేదాకా సాయం చేస్తారా. ఇన్ని అడిగితే ఏమనుకుంటాడో అని మనవాళ్లకి మొహమాటం. ఏమీ అనుకోడు, అమెరికన్ పేరెంట్స్ ఇంతకంటే ఎక్కువే అడుగుతారు. ఫలానా కాలేజీకే ఆడతానని సంతకం పెట్టే పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబర్‌లో తీసేశారు, ఇప్పుడు సంతకం పెట్టేది ఫైనాన్షియల్ ఎయిడ్ అగ్రిమెంట్ మీద, అందుకే అందులో ఏముందో అదే మీ హక్కు.

నోటిమాట ఎంత ఖరీదో చూడాలంటే యూఎన్ఎల్‌వీ (లాస్ వెగాస్‌లోని యూనివర్సిటీ) ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా ఉన్నాడు. 2024లో మూడు మ్యాచ్‌లు ఆడి గెలిపించి సీజన్ మధ్యలో వెళ్లిపోయాడు, అసిస్టెంట్ కోచ్ నోటితో చెప్పిన లక్ష డాలర్లు రాలేదని అతని ఏజెంట్ అన్నాడు, కాలేజీ మాత్రం అలాంటి ఒప్పందం లేదంది. రాత లేదు, ఇంకేం మాట్లాడతాం.

మనవాళ్లు ఈ దారిలో బాగుపడలేదా అంటే పడ్డారు, టెన్నిస్‌లో సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాకే డేవిస్ కప్ దాకా వెళ్లాడు, సహజ యమలపల్లి సామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడి ప్రొఫెషనల్ అయింది. ఇద్దరికీ ముందుగా దక్కింది స్కాలర్‌షిప్ ఉన్న టీమ్‌లో చోటు.

ఏజెంట్లు, కన్సల్టెన్సీలు

ఇక్కడ మాత్రం ఫెడరల్ చట్టం ఉంది, 2004లో చేసిన స్పార్టా. ఏజెంట్ అబద్ధపు హామీలివ్వకూడదు, సంతకం కోసం డబ్బో బహుమతులో ఎర వేయకూడదు, కాంట్రాక్ట్‌కి ముందు రాతలో హెచ్చరిక కాగితం ఇవ్వాలి, 18 నిండకపోతే అది పేరెంట్‌కి ఇవ్వాలి, సంతకం అయ్యాక 72 గంటల్లో లేదా తర్వాతి మ్యాచ్‌లోపు, ఏది ముందైతే అది, కాలేజీ అథ్లెటిక్ డైరెక్టర్‌కి చెప్పాలి. దీన్ని అమలు చేసేది ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్). చాలా రాష్ట్రాల్లో ఏజెంట్ రిజిస్టర్ చేసుకోవాలి, ఆ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, నసిగితే వదిలేయండి.

ఇండియాలో కన్సల్టెన్సీల సంగతి వేరే చెప్పాలా. వీడియో తీసిపెట్టి, కోచ్‌లకి ఈమెయిల్స్ పంపి, ఫిక్స్‌డ్ ఫీజు తీసుకుంటే అది సర్వీస్, తప్పులేదు. "సీటు వచ్చాకే ఇవ్వండి, స్కాలర్‌షిప్‌లో పది శాతం" అన్నాడంటే వినడానికి తియ్యగా ఉంటుంది, కానీ ఎన్‌సీఏఏ లెక్కలో అలా ఫలితం మీద ఫీజు తీసుకునేవాడు ఏజెంట్ అవుతాడు, పిల్లాడి అర్హతకే ఎసరు.

కాంట్రాక్ట్, ట్యాక్స్

ఎన్‌ఐఎల్ కాంట్రాక్ట్‌లో ముందు చూడాల్సింది ఎంత అని కాదు, ఎన్నాళ్లు అని. ఫ్లోరిడా ఫుట్‌బాల్ ఆటగాడు జర్వాన్ డెక్స్టర్ 2022లో ఒక కంపెనీ దగ్గర 4,36,485 డాలర్లు తీసుకుని, ఎన్ఎఫ్ఎల్‌లో (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) సంపాదించే దాంట్లో 15 శాతం 25 ఏళ్లపాటు ఇస్తానని సంతకం పెట్టాడు, తర్వాత కోర్టుకెక్కాడు. అందుకే కాలేజీ వదిలిన రోజుతో అయిపోయేలా ఉందా, ఫొటోలు శాశ్వతంగా వాడుకుంటామని ఎక్కడైనా రాశారా, కాలేజీ మారితే డబ్బు వెనక్కి కట్టాలా, గొడవొస్తే ఏ రాష్ట్రంలో తేల్చుకోవాలి, ఇవి లాయర్‌తో చూపించుకోండి, ఫీజు కొన్ని వందలు అయినా పర్లేదు.

ట్యాక్స్ చివరికి రాస్తున్నా గానీ మర్చిపోతే ఏప్రిల్‌లో ఏడుపు. సిటిజన్, గ్రీన్ కార్డ్ పిల్లలకి ఎన్‌ఐఎల్ ఆదాయం సొంత వ్యాపారం కింద లెక్క, ఖర్చులు పోను 400 డాలర్లు దాటితే మామూలు ట్యాక్స్ కాక 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కూడా ఉంటుంది, కంపెనీ ఏమీ పట్టుకోదు కాబట్టి మూడో వంతు వేరే అకౌంట్‌లో పక్కన పెట్టించండి. 1099 ఫారం (ఇచ్చిన డబ్బు చూపేది) రాలేదు కదా అని వదిలేయడానికి లేదు, అది కంపెనీ పంపాల్సిన కాగితం, మీ బాధ్యత మీదే. స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, పుస్తకాల భాగానికి ట్యాక్స్ లేదు, హాస్టల్, తిండి భాగానికి ఉంది, ఇది ఎఫ్-1 వాళ్లకి కూడా, వాళ్లకి 1040-ఎన్ఆర్ (విదేశీయుల ట్యాక్స్ ఫారం) తెలిసిన సీపీఏ (అకౌంటెంట్) కావాలి. ఇంకోటి, ఎఫ్ఏఎఫ్ఎస్ఏ (ప్రభుత్వ చదువు సాయం కోసం పెట్టే ఫారం) మీద ఎయిడ్ తీసుకునే కుటుంబం అయితే పిల్లాడి ఎన్‌ఐఎల్ ఆదాయం ఆ లెక్కలోకి వస్తుంది, అటు మూడు వేలు వచ్చి ఇటు ఎయిడ్‌లో కొంత కోత పడొచ్చు, డీల్ ఒప్పుకునే ముందే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ఫోన్ చేసి ఎంత తగ్గుతుందో కనుక్కోండి.